సందర్శకుల డేటాతో ఇమ్మర్సివ్ గది: నెల్లూరు హాలుకి ఏం కావాలి, ఎక్కడ చెడుతుంది

మీరు అడిగింది ఇది. నెల్లూరులో ఒక కాలేజీ హాలు దొరికింది: 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు, 11 అడుగుల ఎత్తు, కింద నున్నటి నల్ల గ్రానైట్. జనవరిలో నాలుగు రోజులు అక్కడ ఇమ్మర్సివ్ గది, అంటే గోడల మీది బొమ్మలు మనిషిని చుట్టుముట్టే ప్రదర్శన పెట్టి, తర్వాత ఒంగోలు తీసుకెళ్లాలి. లోపలికొచ్చిన మనిషి ముఖాన్ని కెమెరా గుర్తుపట్టాలి, తలుపు దగ్గర ఇచ్చిన ఫోన్ నంబరుతో అతని ఇన్‌స్టాగ్రామ్ ఫోటోలు తెచ్చి నాలుగు గోడల మీదా పరచాలి. దీనికి నాలుగు ప్రొజెక్టర్లు చాలతాయా, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి అన్నారు.

ముందు ఇన్‌స్టాగ్రామ్ సంగతి తేల్చేద్దాం. అది కుదరదు. మామూలు వ్యక్తిగత ఖాతాల ఫోటోలు బయటి ప్రోగ్రాములకు ఇచ్చే దారిని ఆ కంపెనీ 2024 డిసెంబరు 4న మూసేసింది. ఇప్పుడున్నది వ్యాపార ఖాతాలకు, క్రియేటర్ ఖాతాలకే. ఫోన్ నంబరు ఇస్తే ఖాతా వెతికి పెడతామనే దొడ్డిదారి సాధనాలను ముట్టుకోవద్దు. కాబట్టి తలుపు దగ్గర నంబరు అడగాల్సిన పనే లేదు. అవసరం లేని డేటా అడిగామంటే, డేటా మీద ప్రశ్న వేద్దామని కట్టిన గది తానే ఆ ప్రశ్నకు గురి అవుతుంది.

ముఖం దగ్గర మూడు వేర్వేరు పనులు కలగాపులగం అవుతున్నాయి. ఫ్రేములో ముఖం ఉందా లేదా చూడటం ఒకటి. ఆ ముఖం మీద కళ్లు, ముక్కు, పెదవుల చుట్టూ బిందువులు గుర్తించడం రెండోది. ఇది ఎవరి ముఖమో పోల్చి చెప్పడం మూడోది. మీడియాపైప్ అనే ఉచిత సాధనం మొదటి రెండూ మామూలు ల్యాప్‌టాప్‌లోనే, ఇంటర్నెట్ లేకుండా చేస్తుంది. ముఖం మీద 468 బిందువులు, కనుపాపలు కలిపితే 478, చేతికి 21, శరీరానికి 33 ఇస్తుంది. మూడో పనికి ముఖాన్ని 128 లేదా 512 అంకెల వరుసగా మార్చి, దాచిపెట్టిన వరుసలతో పోల్చాలి. ఆ వరుసను ఒక్కసారి దాచారంటే ఆ మనిషిని రేపు ఏ కెమెరా ముందైనా పట్టుకోగలిగే తాళంచెవి మీ డిస్కులో ఉన్నట్టే. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, ముఖాన్ని మార్చుకోలేం. మీ ప్రదర్శనకు మూడో పని అవసరం లేదు, పెట్టకండి.

వయసు, ఆడా మగా అనే చీటీలు ముఖాల మీద వేయాలనే ఆలోచన ఉంటే అదీ మానండి. 2018లో వచ్చిన జెండర్ షేడ్స్ అధ్యయనంలో అప్పటి వాణిజ్య సాఫ్ట్‌వేర్లు ఆడా మగా చెప్పడంలో తెల్లటి మగవాళ్ల విషయంలో 0.8 శాతానికి మించి తప్పు చెప్పలేదు, ముదురు రంగు ఆడవాళ్ల విషయంలో మాత్రం 34.7 శాతం దాకా తప్పాయి. మీ హాలుకి వచ్చేవాళ్లలో ఎక్కువమంది రెండో కోవకు దగ్గర. కోవూరు నుంచి బస్సెక్కి చూడ్డానికి వచ్చిన ఒక పెద్దావిడ నుదుట గోడంత ఎత్తున తప్పు చీటీ పడితే అది కళ కాదు, అవమానం.

ఇలాంటి గది నిలబడేది గోడల వెడల్పు మీద కాదు. వచ్చిన మనిషి ‘ఇది నేనే’ అని పోల్చుకునే ఆ రెండు క్షణాల మీద. అందుకు చాలా తక్కువ డేటా సరిపోతుంది. రఫేల్ లొజానో-హెమ్మర్ 2006లో చేసిన ‘పల్స్ రూమ్’ చూడండి. గది నిండా వందల కొద్దీ మామూలు బల్బులు. సందర్శకుడు పిడి పట్టుకుంటే దగ్గరి బల్బు అతని గుండె లయలో వెలిగి ఆరుతుంది. వదిలేయగానే ఆ లయ ఒక బల్బు ముందుకు జరుగుతుంది, వరుస చివరనున్న లయ వెళ్లిపోతుంది. పేరు లేదు, ముఖం లేదు. అయినా తన బల్బు ఎక్కడుందో మనిషి వెతుక్కుంటాడు.

మీ ఊళ్లో ఇంతకంటే దగ్గరి నమూనా ఉంది. మొహర్రం నెలలో బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో రొట్టెల పండుగప్పుడు జనం నీళ్లలో నిలబడి ‘ఉద్యోగం రొట్టె ఎవరి దగ్గరుంది’, ‘పెళ్లి రొట్టె’, ‘చదువు రొట్టె’ అని అడుగుతారు. తన మనసులోని అతి సొంత విషయాన్ని ముక్కూ మొహం తెలియని వాళ్ల ముందు బయటపెట్టడమే అది. కానీ ఏం చెబుతున్నాడో, ఎందుకు చెబుతున్నాడో, చెప్పినందుకు చేతికి ఏం వస్తుందో అతనికి తెలుసు. కోరిక తీరితే తిరిగొచ్చి రొట్టె ఇవ్వాలనీ తెలుసు. పేరు ఎవరూ అడగరు. ఓటీపీ చెప్పించుకుని టిక్కు పెట్టించుకునే ఫారాల కంటే సమ్మతి అనే మాటకు ఇది చాలా దగ్గర. దర్గానో పండుగ దృశ్యాలనో గోడ మీద వేయమని చెప్పడం లేదు, అది భక్తికి సంబంధించినది. ఇచ్చిపుచ్చుకునే ఆ తీరును మాత్రం తీసుకోండి.

నన్నడిగితే ఒక్కో సందర్శకుడి నుంచి మూడే తీసుకుంటాను: నీడ (కెమెరా చూసి గోడ మీద గీసే ఆకారం), నాడి, ఒక అంకె. ఆ అంకె ఇవాళ ఫోన్ ఎన్నిసార్లు అన్‌లాక్ చేశారన్నది. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ తెరిస్తే కనబడుతుంది, చాలామంది దాన్ని ఎప్పుడూ చూసి ఉండరు. ఫోన్ మీరు తీసుకోవద్దు. వాళ్లే చూసుకుని బల్ల మీదున్న గుండ్రటి మీటను ఆ అంకె దాకా తిప్పుతారు. అబద్ధం తిప్పినా ఫరవాలేదు, తన గురించి ఏ అంకె చెప్పాలో తానే నిర్ణయించుకునే హక్కు కూడా ఈ ప్రదర్శన విషయమే. పేరు కావాలనుకుంటే ‘మిమ్మల్ని ఏమని పిలవమంటారు’ అని ఒక్క మాట అడగండి. ఇంటిపేరు అడగొద్దు. మన దగ్గర ఇంటిపేరు చెప్పగానే ఊరూ కులమూ రెండూ బయటపడిపోతాయి. పుట్టిన తేదీ, పిన్‌కోడ్ కూడా వద్దు. పుట్టిన తేదీ, ఆడా మగా, పిన్‌కోడ్ ఈ మూడూ కలిస్తే చాలు, అమెరికా జనాభాలో 87 శాతం మందిని విడివిడిగా గుర్తించొచ్చని లతాన్యా స్వీనీ 2000లో లెక్కగట్టి చూపించారు.

ఇక హాలు. నాలుగు గోడలూ వద్దు, ఒక్క 6 మీటర్ల గోడ బాగా చేయండి. నాలుగు గోడలకు బొమ్మ తయారు చేయడం, బొమ్మల అంచులన్నీ ఒకదానితో ఒకటి కుదర్చడం మొదటిసారి చేసేవాళ్లకు నాలుగు రోజుల ప్రదర్శనలో రెండు రోజులు తినేస్తుంది. మీ హాలు 20 అడుగుల వైపు గోడ సుమారు 6 మీటర్లు, ఆ గోడకి రెండు ప్రొజెక్టర్లు చాలు.

లెక్క ఇలా ఉంటుంది. 1920×1200 పిక్సెళ్ల ప్రొజెక్టర్లు రెండు. మధ్యలో 15 శాతం, అంటే 288 పిక్సెళ్లు ఒకదాని మీద ఒకటి పడాలి. మొత్తం వెడల్పు 3552 పిక్సెళ్లు. 6 మీటర్లకు పంచితే మీటరుకి 592, ఒక్కో పిక్సెల్ 1.7 మిల్లీమీటర్లు. ఒక్కో ప్రొజెక్టరు బొమ్మ 3.24 మీటర్ల వెడల్పు, 2.03 మీటర్ల ఎత్తు. బొమ్మ కింది అంచును నేల నుంచి 40 సెంటీమీటర్ల పైన పెడితే నిలబడ్డ మనిషి తలా పాదమూ రెండూ సరిపోతాయి. ప్రొజెక్టరుకూ గోడకూ దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేదే త్రో రేషియో. నెల్లూరులో పెళ్లిళ్లకు అద్దెకిచ్చేవి ఎక్కువగా 1.5 చుట్టూ ఉంటాయి, అంటే ప్రొజెక్టరు 4.9 మీటర్ల వెనక ఉండాలి, జనం అడ్డొస్తారు, వాళ్ల అసలు నీడలే గోడ మీద పడతాయి. 0.5 రేషియో షార్ట్ త్రో కావాలని అద్దెవాళ్లకు మాడల్ నంబరుతో సహా ముందే చెప్పండి. అప్పుడు 1.6 మీటర్ల దూరంలో సీలింగుకు వేలాడదీస్తే సరి. రెండూ ఒకే మాడల్, దగ్గర దగ్గర ఒకే గంటలు వాడినవి కావాలి. ఒకటి పాతదైతే సగం గోడ పసుపుపచ్చగా, సగం నీలంగా కనబడుతుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌తో సరిచేయబోతే మంచిదాని వెలుగు కూడా చెడినదాని స్థాయికి దిగిపోతుంది.

వెలుగు సంగతి చూద్దాం. ఒక్కో ప్రొజెక్టరు విసిరే వెలుగు 4000 ల్యూమెన్లు అనుకుని, దాని బొమ్మ వైశాల్యం 6.57 చదరపు మీటర్లతో భాగిస్తే గోడ మీద పడే వెలుగు 600 లక్స్ పైచిలుకు. రంగులు సరిగా రావాలని మోడ్ మారిస్తే అందులో సగం పోయిందనుకోండి, ఇంకా 300 మిగులుతుంది. గదిలో పక్క వెలుగు 10 లక్స్ దాటకుండా చూసుకుంటే ఇది బ్రహ్మాండంగా సరిపోతుంది. కిటికీలకు టెంట్‌హౌస్ వాళ్ల నల్లబట్ట ఒక్క పొర చాలదు, మధ్యాహ్నం ఎండకి ఎర్రగా వెలుగుతుంది. రెండు పొరలు వేయించండి. గోడ కింది నాలుగడుగులు ఆయిల్ పెయింట్ ఉంటే, కాలేజీల్లో ఎక్కువగా ఉంటుంది, అక్కడ ప్రొజెక్టరు బల్బు మెరుపులా ప్రతిఫలిస్తుంది. తెల్ల గాడా గుడ్డను గోడకు బిగువుగా లాగి కొట్టించడమే చవకైన మందు. సీలింగ్ ఫ్యాన్లు ఆపేసి స్విచ్చులకు టేపు వేయండి. రెక్కలు కాంతిపుంజాన్ని కోస్తాయి, వాటి అదురు బ్రాకెట్ మీదుగా బొమ్మను కదిలిస్తుంది. అంచులు కుదర్చడం ప్రొజెక్టర్లు అరగంట వేడెక్కాకే మొదలుపెట్టండి. చల్లగా ఉన్నప్పుడు కుదిర్చినవి వేడెక్కాక జరిగిపోతాయి.

ఎల్‌ఈడీ వాల్ తెస్తే సులువు కదా అని ఎవరైనా అంటారు. చీకటి చేయలేని హాలుకి అది సరే. ఈ గదికి వద్దు. నీడతో ఆడే పనికి అంత వెలుగు పొసగదు, దగ్గరికి వెళ్తే చుక్కలే కనబడతాయి.

ఇప్పుడు గ్రానైట్. చీమకుర్తి గెలాక్సీ లాంటి పాలిష్ నల్లరాయి చూపుకి వరం, డెప్త్ కెమెరాకి శాపం. ఈ కెమెరాలు కంటికి కనబడని పరారుణ కాంతిని విసిరి, తిరిగొచ్చేదాన్ని బట్టి దూరం కొలుస్తాయి. నల్లరాయి కొంత మింగేస్తుంది, అద్దంలాంటి నునుపు మిగతాదాన్ని ఎటో తిప్పేస్తుంది. దాంతో నేల ఉండాల్సిన చోట గొయ్యి, మనిషి కాళ్ల కింద తలకిందులుగా ఇంకో మనిషి కనబడతారు. జనం నిలబడే చోట బూడిదరంగు మందపాటి కార్పెట్ పరచండి. నల్ల కార్పెట్ వద్దు, కొన్ని నల్లరంగులు పరారుణాన్నీ మింగుతాయి. గోడ పక్కన ఒక మీటరు మాత్రం రాయిని అలాగే వదిలేయండి. గోడ మీది బొమ్మ ఆ రాతిలోకి దిగినట్టు కనబడుతుంది, ఖర్చు లేకుండా గది లోతు రెట్టింపవుతుంది.

కెమెరా ఏది? మైక్రోసాఫ్ట్ ఆటల కోసం చేసిన డెప్త్ కెమెరా కినెక్ట్ వీ2 సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ఈ పనికి చాలు. 0.5 నుంచి 4.5 మీటర్ల దాకా చూస్తుంది, ఒకేసారి ఆరుగురి శరీరాలను పట్టుకుంటుంది, అడ్డంగా 70 డిగ్రీల చూపు. 3 మీటర్ల దగ్గర అది 4.2 మీటర్ల వెడల్పు. మీ గోడ 6 మీటర్లు కాబట్టి కార్పెట్‌ను 4 మీటర్లకే పరిచి అదే ఆట స్థలం అని నేల చెప్పేలా చేయండి. ఆరుగురి కంటే ఎక్కువమందిని లోపలికి పంపొద్దు. కినెక్ట్ తయారీ 2017లోనే ఆగింది, దాని అధికారిక సాఫ్ట్‌వేర్ విండోస్‌లోనే నడుస్తుంది, దానికి సొంత పవర్ అడాప్టరు, సరైన యూఎస్‌బీ 3 పోర్టు కావాలి. కొత్తది కొనాలంటే ఆర్బెక్ ఫెమ్టో బోల్ట్ లేదా రియల్‌సెన్స్ డీ435 చూడండి. ఏదైనా సరే యూఎస్‌బీ 3 కేబుల్ 3 మీటర్లు దాటితే చిత్రం ఆగి ఆగి వస్తుంది. కంప్యూటర్‌నే కెమెరా దగ్గరకు జరిపి, ప్రొజెక్టర్లకు పొడుగు కేబుల్ వేయడం మేలు. 10 మీటర్లు దాటితే ఆప్టికల్ హెచ్‌డీఎంఐ తీసుకోండి. దానికి రెండు కొసలూ ఒకటి కావు. ఏ కొస కంప్యూటర్‌కో, ఏది ప్రొజెక్టర్‌కో రాసి ఉంటుంది. తిప్పి పెట్టి లాగేస్తే, పైన సీలింగులో కట్టినదంతా మళ్లీ విప్పాల్సిందే.

డెప్త్ కెమెరా దొరక్కపోతే, రాత్రిపూట చూసే సీసీటీవీల్లో వాడే 850 నానోమీటర్ల పరారుణ దీపం ఒకటి, పరారుణం అడ్డుకునే ఫిల్టరు తీసేసిన యూఎస్‌బీ వెబ్‌క్యామ్ ఒకటి, దాని ముందు మామూలు వెలుగును ఆపే ఫిల్టరు ఒకటి. అప్పుడు కెమెరాకు ప్రొజెక్టరు బొమ్మ కనబడదు, మనిషే కనబడతాడు. మామూలు వెబ్‌క్యామ్ చీకట్లో గోడ మీది బొమ్మనే మనిషి అనుకుని దానికే స్పందించి తిక్కతిక్కగా తిరుగుతుంది. ఐపీ సీసీటీవీ కెమెరాను మాత్రం పెట్టకండి, అది చిత్రాన్ని పంపడానికే అర సెకను తీసుకోవచ్చు. చెయ్యెత్తిన క్షణానికీ గోడ మీది నీడ చెయ్యెత్తిన క్షణానికీ మధ్య 150 మిల్లీసెకన్లు దాటితే మనిషి దాన్ని తనదిగా పోల్చుకోడు, ఎవరో తనను అనుకరిస్తున్నారు అనుకుంటాడు. ప్రొజెక్టరులో బొమ్మ వంకరను సరిచేసే డిజిటల్ కీస్టోన్ ఆపేయండి, గేమ్ మోడ్ ఉంటే పెట్టండి. ఆ రెండూ కొన్ని పదుల మిల్లీసెకన్లు ఆదా చేస్తాయి.

ఎముకల గూడు లెక్కన కీళ్లు గుర్తించే పద్ధతి మన దగ్గర కాళ్ల దగ్గర దెబ్బతింటుంది. చీర, లంగా వోణీ, బురఖా, పంచె వేసుకున్న మనిషికి రెండు కాళ్లూ విడిగా కనబడవు, మోకాళ్లు ఎగిరెగిరి పడుతుంటాయి. జరీ అంచు మెరిసి అక్కడ చిల్లులు పడతాయి. కాబట్టి తల, భుజాలు, చేతులు మాత్రమే కీళ్లుగా తీసుకోండి. మిగతా శరీరాన్ని మొత్తంగా ఒక ఆకారంగా, తోలుబొమ్మ నీడలా వాడండి. చక్రాల కుర్చీలో వచ్చిన మనిషి ఆకారం కూడా అప్పుడు ఏ ఇబ్బందీ లేకుండా ఆకారంగానే వస్తుంది. నీడను అంచు మాత్రమే గీసి, లోపల ఆ మనిషి తిప్పిన అంకెనన్ని చుక్కలు పోయండి. 140 సార్లు ఫోన్ తెరిచినవాడి నీడ నిండుగా, 20 సార్లు తెరిచిన పెద్దాయన నీడ దాదాపు ఖాళీగా కనబడుతుంది. ఆ ఖాళీ గొప్పతనమో లోటో చెప్పకండి, చూసేవాళ్లే పక్కనున్న నీడతో పోల్చుకుంటారు.

సాఫ్ట్‌వేర్‌కి, కెమెరా చూసినదాన్ని అప్పటికప్పుడు బొమ్మగా మార్చే టచ్‌డిజైనర్ సరైన ఎంపిక. కానీ ఉచిత లైసెన్సులో 1280×1280 దాటదు, మీకు 3552 వెడల్పు కావాలి. విద్యార్థి లైసెన్స్ కొనండి, లేదా బ్రౌజరులో బొమ్మలు గీసే ఉచిత కోడ్ సాధనం పీ5 జేఎస్‌తో చేసి రెండు తెరలను గ్రాఫిక్స్ కార్డు దగ్గరే ఒకటిగా కలపండి. అంచుల కలయికలో మరచిపోయేది నలుపు. ప్రొజెక్టరు నలుపు నిజంగా నలుపు కాదు, రెండు నలుపులు కలిసిన చోట గోడ మధ్యలో బూడిద పట్టీ కనబడుతుంది. బొమ్మ వెనక కటిక నలుపు కాకుండా ముదురు నీలం పెట్టి, మిగతా చోట్ల నలుపును కాస్త పైకెత్తండి.

తెలుగు అక్షరాలు వేస్తున్నారంటే వేరే జాగ్రత్త కావాలి. కొన్ని గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోయి పక్కన పడతాయి. ‘స్త్రీ’, ‘రాష్ట్రం’, ‘క్ష్మ’ రాసి పరీక్షించండి. విడిపోతే ఆ మాటల్ని బ్రౌజరులో తెప్పించి, వెనక పారదర్శకంగా ఉన్న చిత్రంగా తీసుకుని వాడండి. మూడు మీటర్ల నుంచి చదవాలంటే అక్షరం 40 పిక్సెళ్లకు తగ్గొద్దు, అంటే గోడ మీద 7 సెంటీమీటర్లు. అంతకంటే చిన్నదైతే ముందుగా మాయమయ్యేవి ఒత్తులే.

నాడికి, వేలి మీద వెలుగు వేసి నాడి పట్టే మ్యాక్స్30102 సెన్సరు, దాన్ని చదివే చిన్న ఈఎస్‌పీ32 బోర్డు చాలు. సెన్సరుకి 3.3 వోల్టులు. సెకనుకి 100 నమూనాలు తీసుకుని, రెండు శిఖరాల మధ్య కాలాన్ని కొలవండి. 833 మిల్లీసెకన్లు వస్తే నిమిషానికి 72. 333 కంటే తక్కువ, 1500 కంటే ఎక్కువ వచ్చినవాటిని పారేయండి. చివరి నాలుగింటి సగటు చూపండి, అప్పుడే వెలుగు గెంతకుండా సాఫీగా కొట్టుకుంటుంది. వేలు పెట్టిన 5 నుంచి 8 సెకన్ల దాకా ఏమీ రాదు. ఆ సమయంలో గోడ మీద ఏదో మెల్లగా నిండుతున్నట్టు చూపకపోతే జనం వేలు తీసేస్తారు. గట్టిగా నొక్కితే రక్తం ఆగిపోయి సిగ్నల్ చస్తుంది, అందుకని వేలు తనంతట ఆనేలా చిన్న చెక్క గాడి చేయించి పైన నల్ల మూత పెట్టండి. చల్లటి వేళ్లు, దట్టంగా గోరింటాకు పెట్టిన వేలికొసలు ఒక్కోసారి సెన్సరుకు చిక్కవు, ఇంకో వేలు పెట్టమని బల్ల మీదే రాయండి. వందల ఫోన్లున్న చోట వైఫై నమ్మొద్దు. బోర్డును యూఎస్‌బీ తీగతోనే కంప్యూటర్‌కి కలపండి. ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ అసలు ఇవ్వొద్దు.

కరెంటు దగ్గర ఒక్క మాట బలంగా చెప్పాలి. మన ఊళ్లలో ఇలాంటి చోటికి చెప్పులు బయట విడిచి వస్తారు. వట్టికాళ్లతో, చేతిలో సెన్సరుతో, చీకట్లో నిలబడతారు. సందర్శకులు తాకే ప్రతిదీ 5 వోల్టుల పవర్‌బ్యాంకు మీదే నడవాలి. కంప్యూటర్‌కి తీగ పోతోంది కాబట్టి మధ్యలో యూఎస్‌బీ ఐసొలేటర్ (కరెంటు దాటకుండా డేటా మాత్రమే పంపే పరికరం) పెట్టండి, పవర్‌బ్యాంకు దాని అవతల, బోర్డు వైపు ఉండాలి. హాలుకి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను కట్ చేసే స్విచ్చు), పనిచేసే ఎర్తింగ్ ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి: ఆర్‌సీసీబీకి టెస్టు బటన్ నొక్కించాలి, ఎర్తింగ్‌ను విడిగా పరీక్షించాలి. లోడు లెక్క: ప్రొజెక్టర్లు రెండూ 700 వాట్లు, కంప్యూటర్ 500, స్పీకర్లు, మిగతావి 250. మొత్తం ఒకటిన్నర కిలోవాట్ లోపే. దీనికి 3 కేవీఏ ఆన్‌లైన్ యూపీఎస్ పెట్టండి, ఏసీలను వేరే లైన్ మీద వేయండి. కరెంటు పోయి జనరేటరు అందుకునే ఆ పది సెకన్లలో కంప్యూటర్ రీస్టార్ట్ అయితే, వరుసలో ఉన్నవాళ్లు ఇరవై నిమిషాలు నిలబడాలి. జనవరిని ఎంచుకోవడం మంచిదైంది. నవంబరైతే తుపాను భయం, మేలో అయితే సీలింగు దగ్గర వేడికి ప్రొజెక్టర్లు తమంతట ఆగిపోతాయి.

రెండో గోడకు ఏదైనా కావాలంటే సందర్శకుల డేటా కాదు, మీ బృందంలో ఇష్టపడ్డ పదిమంది ఒక నెల తిరిగిన దారులు వేయండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో లొకేషన్ సెట్టింగ్స్‌లోని టైమ్‌లైన్ నుంచి ఎవరిది వాళ్లు ఫైలుగా దింపుకోవచ్చు. పది దారులూ ఒకదాని మీద ఒకటి పడితే ఊరు తనంతట తాను కనబడుతుంది. పెన్నా వంతెన దగ్గర అన్నీ ఒకే తాడవుతాయి, రైలుపట్టాలు అడ్డొచ్చే చోట విజయమహల్ గేటు, రామలింగాపురం అండర్‌బ్రిడ్జి దగ్గర ముడి పడతాయి. ఇక్కడే ప్రమాదం కూడా. రాత్రి పది నుంచి తెల్లవారి ఐదు దాకా చుక్క ఎక్కడుంటే అదే ఇల్లు. ఇంటి చుట్టూ 500 మీటర్లు కోసేయండి, కానీ వృత్తం మధ్యబిందువు సరిగ్గా ఇల్లే అయితే ఎవరైనా వృత్తం గీసి ఇల్లు కనిపెడతారు. మధ్యబిందువును ఏదో ఒక దిక్కుకి 200, 300 మీటర్లు జరిపి కోయండి. తేదీలు తీసేయండి. పరుగు యాప్ స్ట్రావా వేసిన ప్రపంచ పటంలో సైనిక స్థావరాల కాలిబాటలు 2018 జనవరిలో బయటపడ్డాయి. పేర్లు లేకపోవడం ఒక్కటే రక్షణ కాదని అది చూపింది.

చట్టం. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టానికి 2023 ఆగస్టు 11న రాష్ట్రపతి ఆమోదం వచ్చింది. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకు 18 నెలల గడువు ఇచ్చారు. గడువుతో పనిలేకుండా ఇప్పుడే పాటించండి. ఏం తీసుకుంటున్నామో, ఎందుకో తలుపు దగ్గర తెలుగులో స్పష్టంగా రాయాలి. ఒప్పుకోని మనిషికీ లోపలికి దారి ఉండాలి. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్ల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి కావాలి, వాళ్ల ప్రవర్తనను వెంటాడి నమోదు చేయకూడదు. స్కూలు పిల్లల బ్యాచీలు వస్తాయి కాబట్టి వాళ్లకు నీడ మాత్రమే, నాడి, అంకె లేకుండా నడిచే మోడ్ ఒక బటన్ మీద పెట్టండి. ఆధార్ కార్డుల ఫోటోలు, నంబర్లు కళ కోసమైనా గోడ మీద వేయొద్దు. వాటిని బహిరంగంగా ప్రదర్శించడాన్ని 2016 ఆధార్ చట్టమే కట్టడి చేస్తుంది. పన్నెండు అంకెల భావన కావాలంటే పన్నెండు ఖాళీ గళ్లు గీయండి, ప్రతి ఒక్కరూ తమ అంకెలు తామే మనసులో నింపుకుంటారు.

నోటీసు ఇలా ఉంటే చాలు: ‘లోపల కెమెరా మీ ఆకారాన్ని చూస్తుంది, ముఖాన్ని గుర్తుపట్టదు. వేలు పెడితే నాడి చూస్తుంది. మీరు తిప్పిన అంకెనూ, చెప్పిన పిలుపు పేరునూ ఆ కాసేపే వాడుకుంటుంది. ఏదీ దాచుకోము. మీరు బయటికెళ్లిన నిమిషంలో చెరిగిపోతుంది. వద్దనుకుంటే ఎడమవైపు దారిలో వెళ్లి చూడొచ్చు.’ చదవలేనివాళ్లకు తలుపు దగ్గరి కుర్రాడు ఇదే నోటితో చెప్పాలి. ఎడమవైపు దారి కెమెరా చూపు బయట, గోడ వెంట తాడు కట్టి నిజంగా ఉండాలి.

చెరిపేస్తామని రాశాక చెరిగిపోవాలి. ఫ్రేములను డిస్కు మీద రాయకుండా ర్యామ్‌లోనే నడపండి. విండోస్ పేజ్‌ఫైల్, క్రాష్ డంపులు, స్క్రీన్ రికార్డింగ్, క్లౌడ్ సింక్ ఆపేయండి, ఎందుకంటే మీకు తెలియకుండా రాసేవి ఇవే. తప్పులు పట్టడానికి పెట్టిన లాగ్ ఫైళ్లలో నాడి అంకెలు, పిలుపు పేర్లు సమయంతో సహా పడుతుంటాయి. ఇది అందరూ మరచిపోయేదే, ప్రదర్శనకు ముందు రోజు లాగ్ రాసే ప్రతి లైనూ తీసేయండి. ప్రతి రాత్రి హాలు మూసేముందు ఆ రోజు మారిన ఫైళ్లన్నీ తేదీ వారీగా వెతికి చూడండి. ఒక్కటి కొత్తగా కనబడినా అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలేదాకా మర్నాడు తలుపు తీయొద్దు.

సందర్శకులు తమ ఫోన్లతో వీడియోలు తీస్తారు, ఆపలేరు. అందుకే ఒకరి నాడి అంకె పక్కవాళ్లకు అంకెగా కనబడకుండా కొట్టుకునే వెలుగుగా మాత్రమే చూపండి. పిలుపు పేరు వేస్తే ఆ మనిషి పాదాల దగ్గర, నేల వైపు వేయండి. మెరుపులు సెకనుకి మూడు దాటకూడదు, మూర్ఛ ఉన్నవాళ్లకు అది ప్రమాదం. నల్లబట్టల నడుమ దారి నాలుగడుగులకు తగ్గకుండా, తలుపులు రెండూ తాళం లేకుండా ఉంచండి. బ్యాచీకి ఆరుగురు, నాలుగు నిమిషాలు అనుకుంటే కాగితం మీద గంటకు 90 మంది, చెప్పులు విడవడం, నోటీసు చదవడం కలిపితే 60కి సిద్ధపడండి.

ఒంగోలుకి వెళ్లేముందు ప్రొజెక్టరు బ్రాకెట్ల ఎత్తు, గోడ దూరం, కెమెరా వంపు కోణం, కార్పెట్ అంచులు టేపుతో కొలిచి రాసుకోండి, ఒక్కో కేబుల్ రెండు కొసలకూ ఒకే నంబరు అంటించండి. అక్కడి హాలు ఎత్తు మారితే త్రో లెక్క మొదటి నుంచీ వేయాలి. గోడ 5 మీటర్లే ఉంటే రెండు బొమ్మలను నొక్కి కుదించకండి, అతివ్యాప్తిని పెంచండి. కొత్త హాల్లో అమర్చడానికి ఒక రోజు, జనం లేకుండా ఆరుగురు స్నేహితులతో చీర, పంచె, బురఖా, నల్ల చొక్కా వేయించి పరీక్షించడానికి ఇంకో రోజు పెట్టుకోండి.